పెట్ట వదిలేసిన పిల్లలకు ముందు వెచ్చదనం, తర్వాతే నూకలు

డిసెంబరు చివర్లో ఒక తెల్లవారుజామున, గుంటూరులో మా పెరటి గోడవార తొమ్మిది కోడిపిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా పడి ఉన్నాయి. గుడ్డులోంచి బయటపడి 12 రోజులే. తల్లికోడి రాత్రి వాటిని కిందే వదిలేసి జామచెట్టెక్కి పడుకుంది. ఒక పిల్లను చేతిలోకి తీసుకుంటే కాళ్లు చల్లగా తగిలాయి, గోళ్లు నా వేలిని పట్టుకోలేదు. అమ్మ గుప్పెడు నూకలు చల్లింది. ఒక్కటీ తల ఎత్తలేదు.

చలికి బిగుసుకున్న పిల్ల మేత ముట్టదు. పెద్దకోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్. ఎండైనా వానైనా దాన్ని నిలుపుకోగలదు. పిల్లకు ఆ శక్తి ఇంకా రాలేదు. ఒళ్లు చిన్నది కాబట్టి వేడి త్వరగా పోతుంది, పైన ఉన్నది నూగు మాత్రమే. అది తడిస్తే ఇక ఆ కాస్త కాపుదలా ఉండదు. ఈకలు ఒళ్లంతా కమ్మడానికి నాలుగైదు వారాలు పడుతుంది. అందాకా తల్లి పొట్టే దానికి పొయ్యి.

అలాంటి తల్లి ఎందుకు వదిలేస్తుంది? "పాపిష్టి కోడి" అని తిట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. 21 రోజులు మేతకు తప్ప లేవకుండా పొదిగింది అదే కదా. కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టేది మెదడు కింది గ్రంథి నుంచి వచ్చే ప్రొలాక్టిన్ అనే హార్మోను. రెక్కల కింద పిల్లల స్పర్శ తగులుతున్నంతకాలం అది నిలబడుతుంది. అది తగ్గగానే గుడ్లు పెట్టించే హార్మోన్లు పుంజుకుంటాయి. జుట్టు ఎర్రబడుతుంది, దగ్గరికొచ్చిన పిల్లను పొడుస్తుంది. నెలన్నర, రెండు నెలలకు ఇలా జరిగితే పిల్లలకు ఇబ్బంది లేదు, అప్పటికి ఈకలొచ్చేస్తాయి. రెండో వారంలోనే జరిగితే ఆ పొయ్యి మనం పెట్టాలి.

పెద్ద అట్టపెట్టె, అడుగున రెండంగుళాల ఊక, పైన ఒక బల్బు చాలు. నున్నటి పేపరు మాత్రం పరవొద్దు, కాళ్లు జారి పక్కలకు విడిపోతాయి. ఇప్పుడు ఇళ్లల్లో ఉన్నవన్నీ ఎల్‌ఈడీలే. వెలుగు బాగానే ఉంటుంది గానీ పిల్లలకు సరిపడా వేడి రాదు. పాతకాలపు 60 వాట్ల బల్బు వెతికి తెచ్చుకోవాలి. అట్టకు, ఊకకు తగలకుండా గట్టిగా కట్టాలి, లేకపోతే నిప్పంటుకుంటుంది. మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీలు ఉండాలి, ఆపైన వారానికి మూడేసి తగ్గించుకుంటూ పోవాలి. మే నెలలో మన ఊళ్లో పగలు బల్బు అవసరమే పడదు, నీడ చూపిస్తే చాలు.

థర్మామీటరు లేదని టెన్షన్ పడక్కర్లేదు. అన్నీ బల్బు కిందే గుమిగూడి గట్టిగా అరుస్తుంటే చలి. దూరంగా జరిగి, రెక్కలు వేలాడేసి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువ. ఒక మూలకే చేరితే ఎక్కడినుంచో గాలి కొడుతోంది. పెట్టెంతా పరుచుకుని, సన్నగా కిచకిచమంటూ తింటుంటే సరిపోయినట్టు. కరెంటు పోతే సీసాలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి మధ్యలో పెట్టండి.

నీళ్లు లోతులేని మూతలో, నాలుగు గులకరాళ్లు వేసి పెట్టాలి. పిల్ల తడవదు. నూకలు కడుపు నింపుతాయి గానీ ఈకలు పెరగడానికి మాంసకృత్తులు కావాలి. తల్లి ఉంటే చెత్తకుప్ప గీకి పురుగులు చూపించేది. ఇప్పుడు ఆ లోటు కోడిపిల్లల దాణాతో తీర్చాలి. కొక్కెర తెగులు (రాణిఖేత్) రాకుండా మొదటి వారంలో వేసే లసోటా టీకా చుక్క పడకపోతే పశువైద్యుణ్ని అడిగి ఆలస్యంగానైనా వేయించండి. వెనక రెట్ట గట్టిపడి అంటుకున్న పిల్ల కనిపిస్తే గోరువెచ్చని నీళ్లతో మెల్లగా నానబెట్టి తీయాలి. లాగితే చర్మం ఊడొస్తుంది.

ఆ రోజు బల్బు కింద పెట్టిన అరగంటకు మొదటి పిల్ల కళ్లు తెరిచింది. గంటకు లేచి, అమ్మ మళ్లీ చల్లిన నూకల్లో ఒకదాన్ని పొడిచింది. అది చూసి రెండోది లేచింది.