వెనక నుంచి లెక్కపెట్టాల్సిన నెల

హనుమకొండలో మా అక్క కూతురి వంటింటి గోడకు కిరాణా షాపువాళ్లు ఇచ్చిన తెలుగు క్యాలెండర్ ఉంటుంది. తిథి, వర్జ్యం పక్కనే పాలప్యాకెట్ల లెక్క, గ్యాస్ బండ బుక్ చేసిన తేదీ. వాటి మధ్యలో, అత్తగారి కంట పడకుండా, నెలకొకటి చొప్పున, ముట్టయిన రోజుకు గుర్తుగా ఆవగింజంత ఎర్ర చుక్క. చుక్క నుంచి పద్నాలుగో గడిలో పెన్నుతో చిన్న గీత.

"చిన్నమ్మా, ప్రతి నెల ఈ గీత కాడికి ఆయన లీవు పెట్టుకొని వస్తున్నడు. ఎనిమిది నెలలాయె. ఏం లేదు" అన్నది.

అల్లుడిది భూపాలపల్లిలో సింగరేణి గనిలో పని. తనది ఇక్కడ ప్రైవేటు స్కూల్లో టీచర్ ఉద్యోగం. పెండ్లయి ఏడాదిన్నర. బతుకమ్మకు పుట్టింటికి పోయినా, ఎవరింట్లో పేరంటానికి పోయినా "ఏమన్న విశేషమా?" అనే ప్రశ్న తప్పడం లేదట.

ఆ పద్నాలుగో గడి గీతలో నా తప్పు కూడా కొంత ఉంది. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఇంటర్ సెకండ్ ఇయర్ పిల్లలకు ఏటా బోర్డు మీద 28 గడులు గీసి, నడిమధ్యన బాణం గుర్తు పెట్టి "అండం విడుదల" అని రాస్తాను. మార్కుల కోసం అది చాలు. కానీ ఆ బొమ్మ సగటు బొమ్మ. పెద్దవాళ్లలో నెలసరి 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. ఫోన్లో నెలసరి లెక్కపెట్టే యాప్ కూడా మొదట్లో 28 రోజులనే పట్టుకొని లెక్క చెబుతుంది. చుక్కల మధ్య గడులు లెక్కపెట్టమన్నాను. 33, 35, 32, 34 వచ్చాయి. ఒక్క నెల కూడా 28 కాదు.

నెలను రెండు భాగాలుగా చూడాలి. ముట్టయిన మొదటి రోజు నుంచి అండం విడుదలయ్యేదాకా ఒక భాగం, అక్కణ్నుంచి మళ్లీ ముట్టయ్యేదాకా రెండోది. మొదటి భాగం రబ్బరులా సాగుతుంది. ఒకరికి 12 రోజులు, ఇంకొకరికి 21. జ్వరమొచ్చినా, బరువు బాగా పెరిగినా తగ్గినా, పరీక్షల టెన్షన్ ఉన్నా ఇంకాస్త జరుగుతుంది. రెండో భాగం అంతగా సాగదు, చాలామందిలో 12 నుంచి 14 రోజులు. అందుకే లెక్క ముందు నుంచి కాదు, వెనక నుంచి మొదలుపెట్టాలి. జపాన్ వైద్యుడు క్యుసాకు ఒగినో 1924లో చెప్పింది ఇదే. రాబోయే నెలసరికి 12 నుంచి 16 రోజుల ముందు అండం విడుదలవుతుందని ఆయన తేల్చాడు. ఆ దశాబ్దంలోనే ఆస్ట్రియా వైద్యుడు హెర్మన్ క్నౌస్ కూడా వేరే దారిలో వెళ్లి దాదాపు ఇదే మాటకు చేరాడు.

రెండో భాగం ఎందుకు సాగదో చెప్పాలంటే స్కానింగ్ గది దాకా పోవాలి. ఫాలిక్యులర్ స్టడీ, అంటే అండం ఎదుగుదలను స్కానింగ్‌లో చూసే పరీక్ష చేయించుకునే వాళ్లు బయటికొచ్చి "గుడ్డు 18 ఎంఎం పెరిగింది", "ఈ నెల గుడ్డు పగిలింది" అంటారు. ఆ మాట వింటే నాలోని టీచర్ ఊరుకోదు. మనిషి అండం మిల్లీమీటరులో పదో వంతు, మామూలు స్కానింగ్‌లో కనబడదు. తెర మీద నల్లగా, గుండ్రంగా కనిపించేది దాన్ని దాచుకున్న నీటి సంచి. దాని పేరు ఫాలికల్. నెల మొదట్లో అండాశయంలో కొన్ని ఫాలికల్స్ పెరగడం మొదలుపెడతాయి. వాటిలో ఒకటి ముందుకుపోతుంది, మిగతావి ఆగిపోతాయి. అది పెరిగేకొద్దీ రక్తంలో ఈస్ట్రోజన్ పెరుగుతుంది. మామూలుగా ఈ హార్మోన్ మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథిని అదుపులో పెడుతుంది. కానీ బాగా పెరిగి, రెండు రోజుల దాకా అట్లాగే ఉంటే అదుపు చేయడం పోయి ఉసిగొల్పుతుంది. పిట్యూటరీ ఒక్కసారిగా ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను కుమ్మరిస్తుంది. ఆ పొంగు మొదలైన 24 నుంచి 36 గంటల్లో, దాదాపు 20 ఎంఎం ఉన్న ఆ సంచి పగులుతుంది. పగిలేది సంచి, గుడ్డు కాదు. గుడ్డు భద్రంగా బయటికొచ్చి ట్యూబులోకి చేరుతుంది.

పగిలిన సంచి ఊరికే పోదు. పసుపు రంగు ముద్దగా మారి ప్రొజెస్టిరాన్ తయారుచేస్తుంది. గర్భసంచి లోపలి పొరను పిండం కోసం సిద్ధం చేసేది ఇదే. ఈ ముద్దకు ఆయుష్షు దాదాపు రెండు వారాలే. కడుపు నిలిచిందని పిండం నుంచి కబురు రాకపోతే అది ఎండిపోతుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, పొర ఊడి ముట్టవుతుంది. రెండో భాగం సాగకపోవడానికి కారణం ఈ ముద్ద ఆయుష్షే. ఆ కబురు తెచ్చేది హెచ్‌సీజీ అనే హార్మోన్. మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ కిట్టు వెతికేది దాన్నే.

మా పిల్ల లెక్కకు వద్దాం. 34లోంచి 14 తీస్తే 20. అంటే అండం సుమారు ఇరవయ్యో రోజున వస్తోంది. అల్లుడేమో పన్నెండో రోజు వచ్చి పద్నాలుగు దాటగానే బస్సెక్కుతున్నాడు.

అయితే కడుపు నిలిచే అవకాశమున్న కిటికీ ఆ ఒక్క రోజే కాదు. బయటికొచ్చిన అండం 12 నుంచి 24 గంటలే బతుకుతుంది. వీర్యకణాలు మాత్రం, దారి అనుకూలంగా ఉంటే, లోపల ఐదు రోజుల దాకా కాచుకుంటాయి. అమెరికాలోని నార్త్ కరోలినాలో 221 మంది మహిళల మూత్రాన్ని రోజూ సేకరించి చేసిన అధ్యయనం 1995లో వచ్చింది. కడుపు నిలిచినవన్నీ అండం విడుదలైన రోజు, దానికి ముందు ఐదు రోజులు, మొత్తం ఆ ఆరు రోజుల్లో కలిసినవే. విడుదలైన మర్నాటి నుంచి ఒక్కటీ లేదు. అంటే ముందు వచ్చి కూర్చున్నవాడికి సీటు దొరుకుతుంది, బస్సు కదిలాక పరుగెత్తినవాడికి దొరకదు.

అందుకే ఉదయం లేవగానే థర్మామీటరు పెట్టుకునే పద్ధతి మీద నాకు పెద్ద గురి లేదు. అండం విడుదలయ్యాక ఒంటి వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరిగేది నిజమే. కానీ ఆ సంగతి తెలిసేసరికి కిటికీ మూసుకుపోతుంది. మూత్రంలో ఎల్‌హెచ్ పొంగును పట్టుకునే కిట్టు నయం, ఒకటి రెండు రోజుల ముందు చెబుతుంది. పీసీఓడీ, అంటే అండం విడుదల సరిగా జరగని హార్మోన్ సమస్య ఉన్నవాళ్లలో మాత్రం ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువగానే ఉండి కిట్టును తప్పుదారి పట్టించవచ్చు.

డబ్బు ఖర్చు లేని గుర్తు ఒకటుంది. చెప్పడానికి మా పిల్ల చాలాసేపు మొహమాటపడింది. నెల మధ్యలో రెండు మూడు రోజులు తెల్లబట్ట అవుతోందట. జబ్బేమోనని తెలిసినవాళ్ల సలహాతో మందులు కూడా మింగింది. ఎట్లా ఉంటుందని అడిగాను. ఆమ్లెట్ కోసం పక్కనే గిన్నెలో కొట్టిపెట్టిన కోడిగుడ్డు వైపు చూసింది. తెల్లసొనలో రెండు వేళ్లు ముంచి విడదీస్తే తీగలా సాగుతుంది చూడండి, అచ్చం అట్లాగే. మిగతా రోజుల్లో చిక్కగా, జిగటగా ఉండే ఆ ద్రవం ఈస్ట్రోజన్ పెరిగిన రోజుల్లో పలచబడి వీర్యకణాలకు దారి ఇస్తుంది. అది జబ్బు కాదు, కిటికీ తెరుచుకున్న గుర్తు. దుర్వాసన, దురద, పసుపు ఆకుపచ్చ రంగు ఉంటే అది వేరే సంగతి, డాక్టరుకు చూపించాలి.

ఇంకో లెక్క కూడా ఇళ్లలో గొడవ పెడుతుంది. కడుపు నిలిచాక డాక్టరు వారాలు లెక్కపెట్టేది చివరి ముట్టు మొదటి రోజు నుంచి. "ఆరు వారాలు" అంటే కడుపు నిలిచి సుమారు నాలుగు వారాలే. దూరాన ఉండి నెలకోసారి ఇంటికొచ్చే మగవాళ్లకు ఇది ముందే చెప్పాలి. ముట్టు స్నానం చేసిన నాటి నుంచి సరి రోజులైతే కొడుకు, బేసి రోజులైతే కూతురు అనే లెక్క మాత్రం ఉత్తదే. ఆడా మగా అనేది వీర్యకణం మోసుకొచ్చే క్రోమోజోమ్‌ను బట్టి ఉంటుంది.

తారీఖుల వెంట పడొద్దని చెప్పాను. ముట్టు ఆగాక రెండు మూడు రోజులకోసారి కలిసే జంటకు కిటికీ తప్పిపోయే అవకాశం తక్కువ. వీళ్లకు వారానికొక ఆఫే కాబట్టి, లీవు పెట్టేదేదో తెల్లసొన కనిపించిన రోజుల్లో పెట్టమన్నాను. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇప్పటి నుంచే మొదలుపెట్టాలి. బిడ్డ వెన్ను, మెదడు ఏర్పడేది నెల తప్పిన సంగతి సరిగ్గా తెలియని రోజుల్లోనే.

"మా అత్తమ్మ మేడారంల వరం పడుదామంటుంది" అన్నది. సారలమ్మను కన్నెపల్లి నుంచి తెచ్చేటప్పుడు తడిబట్టలతో దారిలో పడుకుంటారు, పూజారులు వాళ్ల మీదుగా దాటిపోతారు. పడమన్నాను. మా అమ్మ కూడా పడ్డది. జాతర రెండేండ్లకోసారి, పరీక్షలు అప్పటిదాకా ఆగక్కర్లేదు. ఏడాది ప్రయత్నించినా, ముప్పై అయిదు దాటినవాళ్లు ఆరు నెలలు ప్రయత్నించినా నిలవకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి. పెండ్లయి ఏడాదిన్నరైన వీళ్లకు ఆ గడువు దాటింది.

ఇప్పటిదాకా తను థైరాయిడ్ చేయించుకుంది, రెండు నెలలు స్కానింగ్‌కు తిరిగింది. అల్లుడు ఒక్క పరీక్ష కూడా చేయించుకోలేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కారణం కూడా ఉంటుంది. వీర్య పరీక్షకు సూది లేదు, స్కానింగ్ లేదు, అన్నిటికన్నా సులువు. వీర్యకణం తయారుకావడానికి రెండు నెలల పైనే పడుతుంది కాబట్టి, ఇవ్వాళ గుట్కా మానేసినా ఫలితం అప్పటికి గానీ కనిపించదు.

ఆ రాత్రి అల్లుడికి నేనే ఫోన్ చేశాను. ముందు "చూద్దాం అత్తమ్మా" అన్నాడు. తర్వాత కాసేపు ఆగి, దానికి ముందు ఏమన్న పత్యం ఉంటదా అని అడిగాడు. రెండు నుంచి ఏడు రోజులు భార్యకు దూరంగా ఉండాలి, అంతే అన్నాను.

"గదెంత? డ్యూటీల ఉంటే వారం సుత ఉంటా" అన్నాడు.