పది వేళ్ళలో ఇమిడిన సింఫనీ

హనుమకొండలోనో కాజీపేటలోనో చర్చి గాయకబృందంలోనో పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో కీబోర్డు వాయించేవారికి ఒక సంగతి వేళ్ళకే తెలిసి ఉంటుంది. ఆర్గన్ శబ్దాన్ని ఎంచుకుని ఒక మెట్టును నొక్కి పట్టుకుంటే, వేలు తీసేదాకా స్వరం ఒకే స్థాయిలో పలుకుతూ ఉంటుంది. పియానో శబ్దానికి మార్చి అదే మెట్టును అలాగే నొక్కి పట్టుకుంటే, స్వరం గట్టిగా మొదలై మరుక్షణం నుంచే సన్నగిల్లుతుంది. మన భజన మండళ్ళ హార్మోనియం మొదటి రకానికి చెందింది, ఎందుకంటే తిత్తి గాలి అందినంతసేపు దాని రీడ్ కంపిస్తూనే ఉంటుంది. పియానోలో మాత్రం సుత్తి తీగను ఒక్కసారి కొట్టి వెనక్కి పోతుంది, ఆ దెబ్బతో వచ్చిన శక్తి తప్ప ఆ స్వరానికి వేరే ఆధారం ఉండదు. పెద్ద వాద్యబృందం కోసం రాసిన సింఫనీలను ఒక్క పియానో మీద వాయించిన రికార్డింగులను వినేటప్పుడు ఈ తేడాను మనసులో ఉంచుకుంటే, సంగీతాన్ని పియానోకు మార్చినవాడు, వాయించేవాడు, రికార్డు చేసే ఇంజనీరు ముగ్గురూ పడే శ్రమలో అధికభాగం ఈ తరుగుదలను కప్పిపుచ్చడానికో, దాన్నే వాడుకోవడానికో అని అర్థమవుతుంది.

బీథోవెన్ రచించిన తొమ్మిది సింఫనీలనూ పియానోకు మార్చిన పియానో వాదకుడు, స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ 1837 ప్రాంతంలో ఈ పని మొదలుపెట్టాడు; మొత్తం సంపుటి 1865లో అచ్చయింది. గాయకబృందం కూడా కలిసే తొమ్మిదో సింఫనీ చివరి భాగం రెండు చేతులకు లొంగదని ఆయనే ఒక దశలో వెనుకాడాడు. ఆ రోజుల్లో ఇవి కచేరీ విన్యాసాలు మాత్రమే కావు. ధ్వనిని నమోదు చేసే ఫోనోగ్రాఫు 1877 దాకా రాలేదు, ఆర్థర్ నికిష్ నాయకత్వంలో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం బీథోవెన్ అయిదో సింఫనీని రికార్డు చేసింది 1913లో. అంతకు ముందు పెద్ద వాద్యబృందం లేని ఊళ్ళో సింఫనీ ఎలా ఉంటుందో తెలియాలంటే పియానోయే దారి. ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ సింఫనీ మీద జర్మన్ స్వరకర్త షూమన్ 1835లో రాసిన సుప్రసిద్ధ విమర్శ కూడా లిస్ట్ చేసిన పియానో ప్రతిని ముందు పెట్టుకుని రాసిందే.

పియానో స్వరం తగ్గే తీరు పైకి కనిపించేంత సులువైనది కాదు. మధ్య, పై స్థాయిల్లో ఒక్కో మెట్టుకు ఒకే శ్రుతిలో బిగించిన మూడు తీగలుంటాయి. సుత్తి మూడింటినీ ఒకేసారి కొట్టగానే అవి ఒకే దిశలో కలిసి ఊగుతూ తాము ఆనుకుని ఉన్న బ్రిడ్జిని బలంగా కదిలిస్తాయి, దాని ద్వారా శక్తి చెక్క ఫలకానికి చేరి గాలిలోకి వేగంగా వెళ్ళిపోతుంది. మూడు తీగల శ్రుతులూ నూటికి నూరుపాళ్ళు ఒకటి కావు కాబట్టి, కొద్దిసేపట్లో ఒకటి పైకి పోతుంటే ఇంకొకటి కిందికి వస్తుంది. బ్రిడ్జి మీద వాటి బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడంతో శక్తి బయటికి పోవడం నెమ్మదిస్తుంది, మిగిలిన నాదం సన్నగా చాలాసేపు నిలుస్తుంది. అంటే మొదట నిట్టనిలువుగా పడిపోయి, తరువాత వాలుగా సాగే రెండంచెల తరుగుదల అన్నమాట. దీన్ని భౌతిక శాస్త్రవేత్త గాబ్రియేల్ వైన్‌రైష్ 1977లో వివరంగా విశ్లేషించాడు. పియానో మీద సాగదీసిన రాగం అతుకుల్లేకుండా వినిపించడానికి ఈ రెండో అంచే ఆధారం. శ్రుతి చేసే నిపుణుడు మూడు తీగలను ఎంత దగ్గరగా ఉంచాడన్నదాన్ని బట్టి దాని నిడివి మారుతుంది.

అయిదో సింఫనీ ఆరంభాన్ని తీసుకుందాం. షడ్జమాన్ని ఆధారంగా తీసుకుంటే అది ప ప ప గ, తరువాత మ మ మ రి. తీగ వాద్యాలు, క్లారినెట్లు కలిసి పలుకుతాయి. గాంధారం మీదా రిషభం మీదా ఆగి నిలబడమని గుర్తు ఉంది, రిషభాన్ని ఇంకొంచెం ఎక్కువసేపు పట్టుకోవాలి. వయొలిన్ వాదకుడు కమానును నడిపినంతసేపు ఆ స్వరం బిగువు సడలదు. పియానో మీద అదే స్వరం మొదటి అరసెకనులోనే చాలా బలాన్ని కోల్పోతుంది, కాబట్టి నిలబడినచోట బెదిరింపు బదులు ఎదురుచూపు వినిపిస్తుంది. ఇది లోపమే, దాన్ని దాచడం వృథా.

ఏడో సింఫనీ రెండో భాగానికి వస్తే లెక్క తిరగబడుతుంది. దాని మొదటి ధ్వని ఓబో, క్లారినెట్, బసూన్, హార్న్ వాద్యాలు కలిసి పట్టే ఒకే ఒక్క శోకస్వర సముదాయం (మైనర్ కార్డ్). గట్టిగా మొదలై క్రమంగా మెల్లగా అయిపోవాలని బీథోవెన్ రాశాడు. ఊదేవాళ్ళు ఊపిరిని జాగ్రత్తగా తగ్గించుకుంటూ సాధించే ఆ క్షీణతను పియానో ఏ ప్రయత్నమూ లేకుండా తన స్వభావంతోనే ఇచ్చేస్తుంది. వెంటనే మొదలయ్యే నడకలో మాత్రం కష్టం తిరిగివస్తుంది. ముందు మంద్ర స్థాయి తీగ వాద్యాలు, తరువాత రెండో వయొలిన్లు, ఆ తరువాత మొదటి వయొలిన్లు చేరుతూ అదే పాట పెరుగుతూ పోతుంది. వాద్యబృందం మనుషులను చేర్చి బలం పెంచుతుంటే, పియానో వాదకుడికి చేర్చడానికి ఇంకో వేలు లేదు. అందుకే లిస్ట్ ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి కొట్టించడం, కాలి పెడల్‌తో తీగలన్నిటినీ స్వేచ్ఛగా మోగనిచ్చి వాటి అనునాదాన్ని జోడించడం, ఒకే స్వరాన్ని వడివడిగా తిరిగి కొట్టి ఆగని శబ్దమన్న భ్రమ కలిగించడం వంటి ఉపాయాలు వాడాడు. ఈ చివరిది సెబాస్టియన్ ఎరార్ రూపొందించగా 1821లో పేటెంట్ అయిన యంత్రాంగం వల్లే సులువయింది. మెట్టు పూర్తిగా పైకి రాకముందే సుత్తి రెండో దెబ్బకు సిద్ధమయ్యే ఏర్పాటు అది.

ఆరో సింఫనీ తుఫానులో ఒకచోట మంద్ర తీగ వాద్యాలైన చెల్లోలు అయిదేసి, డబుల్ బేస్‌లు నాలుగేసి స్వరాలను ఒకే కాలంలో వాయిస్తాయి. రెండూ పొసగక కింది నుంచి మసకమసకగా ఉరుము పుడుతుంది, బీథోవెన్ కోరింది ఆ గందరగోళాన్నే. పియానోలో అట్టడుగు తీగలను అంత వేగంగా కలిపి కొడితే మసక రావడం ఖాయం, ఎందుకంటే తక్కువ పౌనఃపున్యాల్లో దగ్గరదగ్గరగా ఉన్న స్వరాలను చెవి విడదీయలేదు. అయితే ఆ మసక లోపల రెండు వేర్వేరు నడకలున్న సంగతి పోతుంది.

ఒక్క వాద్యపు రంగులోనే ఎన్నో గొంతులను చెవి ఎలా విడదీసుకుంటుందన్నది ఇంకో ప్రశ్న. ఒగ్గు కథ చెప్పే కళాకారుడు గొంతు ఎత్తూ విరుపూ మార్చి మల్లన్నగా, మేడలమ్మగా పలికితే, మనిషి ఒక్కడే అయినా వినేవాళ్ళు పాత్రలను కలగాపులగం చేసుకోరు. చెవి కూడా స్థాయి, బలం, కాలం అనే మూడు ఆధారాలతో స్వరాలను గుంపులుగా కట్టుకుంటుంది. పియానోలో వాద్యాల రంగుల తేడా లేదు, అయినా దెబ్బ బలం పెరిగేకొద్దీ సుత్తికి చుట్టిన ఫెల్ట్ గట్టిపడి పై అనుస్వరాలు (మూలస్వరంతో పాటే పలికే పై స్థాయి స్వరాలు) ఎక్కువగా పుడతాయి కాబట్టి, బిగ్గరగా కొట్టిన స్వరం మెరుపుగా కూడా ఉంటుంది. మంచి వాదకుడు ఒకే చేతిలో ఒక వేలికి ఎక్కువ బరువిచ్చి పైపాటను వెలికితీసేది ఈ దారిలోనే. వాద్యబృందంలో పెద్ద శబ్దం కింద మరుగునపడే లోపలి పంక్తులు పియానో మీద విడిగా వినిపించడం నా దృష్టిలో ఈ రికార్డింగుల అసలు విలువ.

రికార్డింగులో మైకు ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే. పియానోకు దగ్గరగా పెడితే సుత్తి దెబ్బ, పెడల్ చప్పుడు కూడా పడతాయి. దూరంగా పెడితే మందిరపు ప్రతిధ్వని చేరి, దాదాపు 2 సెకన్లపాటు సాగే ఆ తోక తరిగిపోతున్న స్వరాల మధ్య ఖాళీని నింపుతుంది. 1968లో విడుదలైన అయిదో సింఫనీ రికార్డులో పియానో వాదకుడు గ్లెన్ గూల్డ్ దగ్గరి, పొడి ధ్వనినే ఎంచుకున్నాడు. మొత్తం తొమ్మిదింటినీ 1980లలో రికార్డు చేసిన సిప్రియన్ కత్సారిస్, లిస్ట్ వదిలిపెట్టిన కొన్ని స్వరాలను మూలప్రతి నుంచి తెచ్చి మళ్ళీ చేర్చుకున్నాడు. వాగ్నర్ ఒపెరా ‘డీ మైస్టర్‌జింగర్’ ప్రారంభ సంగీతానికి తానే చేసుకున్న ప్రతిని వాయించేటప్పుడు చివర రెండు చేతులు చాలక గూల్డ్ తన వాదనం మీదే ఇంకో పొరను రికార్డు చేసి కలిపాడు. అది ఒక్కడు వాయించిన పియానోయే అయినా కచేరీ వేదిక మీద ఒక్కడివల్ల సాధ్యం కానిది.

ఇవన్నీ ఫోను స్పీకరులో వినేవారికి ఒక హెచ్చరిక. పియానో అట్టడుగు స్వరపు ప్రాథమిక పౌనఃపున్యం 27.5 హెర్ట్జ్, ఫోను స్పీకరు దాని దరిదాపులకు కూడా పోలేదు. పై అనుస్వరాల మధ్య దూరాన్ని బట్టి మెదడు లేని మూలస్వరాన్ని ఊహించుకుంటుంది కాబట్టి పాట పోదు, బరువు పోతుంది. ఏడో సింఫనీ రెండో భాగం ఆ నష్టాన్ని కొంతవరకు తట్టుకుంటుంది, ఆరో సింఫనీ తుఫాను మాత్రం ఇయర్‌ఫోన్లు లేనిదే చినుకులకు మించి వినిపించదు.