మునిగిన కొయ్య ఓడను ఒడ్డుకు చేరిస్తే దక్కినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నీట నానిన పాత కలపను పరిరక్షించడం నా వృత్తి కావడంతో, అమెరికాలోని మిషిగన్ సరస్సు అడుగున ఏదో ఒక సరుకు ఓడ బయటపడిందని వార్త వచ్చిన ప్రతిసారీ, నూటయాభై ఏళ్లుగా చెక్కుచెదరని ఓడను ఇంకా నీళ్లలోనే ఎందుకు ఉంచుతున్నారని నన్ను నిలదీసేవారు ఉంటారు.

అపోహ: ఓడను పైకి తీస్తే అది దక్కుతుంది.

వాస్తవం: చాలాసార్లు దాని నాశనం అక్కడే మొదలవుతుంది. 1864 జూన్‌లో ఆ సరస్సులోనే భాగమైన గ్రీన్ బే అనే అఖాతంలో సరుకు లేకుండా వెళ్తూ, గాలివానకు ఒరిగి మునిగిపోయిన ఆల్విన్ క్లార్క్ అనే రెండు స్తంభాల తెరచాప ఓడ (స్కూనర్) 1967లో జాలర్ల వల చిక్కుకోవడం వల్ల బయటపడింది. 1969లో పైకి తీసి నీళ్లు తోడితే తనంతట తానే తేలిందంటే, అది ఎంత గట్టిగా ఉందో ఊహించుకోవచ్చు. ఒడ్డునున్న మెనామినీ పట్టణంలో ప్రదర్శనకు పెట్టారు గానీ పరిరక్షణకు డబ్బు సమకూరలేదు; ఎండకు ఎండి, మంచుకు నాని శిథిలమైపోయిన ఆ ఓడను 1994లో కూల్చివేశారు. సరస్సు నూటఐదేళ్లు కాపాడిన ఓడ ఒడ్డున పాతికేళ్లు నిలవలేదు.

చల్లని మంచినీటిలో, సముద్రంలో కలపను తొలిచే ఓడపురుగు బతకదు కనుక ఓడ ఆకారం నిలుస్తుంది. అయితే సూక్ష్మజీవులు కలపకు బలాన్నిచ్చే లోపలి సెల్యులోజ్‌ను మెల్లగా తినేస్తూ ఉంటాయి. ఖాళీ అయిన కణాలను నిలబెట్టేది వాటిలో నిండిన నీరే. ఆ నీరు ఆరిపోతూ కణాల గోడలను లోపలికి లాగేస్తుంది. ఈ మాట నమ్మనివారికి నేను ఒకే పలక నుంచి కోసిన రెండు ఓక్ ముక్కలు చూపిస్తాను: నీళ్లలో ఉంచినది నిండుగా కనబడుతూనే గోటితో నొక్కితే దిగబడుతుంది, గాలికి వదిలేసినది కుంచించుకుని, మెలితిరిగి, అడ్డంగా పగిలి ఉంటుంది. స్వీడన్ వారు 1961లో పైకి తీసిన వాసా యుద్ధనౌక నిలిచిందంటే, దానిపై పదిహేడేళ్లు పాలీఇథిలీన్ గ్లైకాల్ (కలపలోని నీటి స్థానంలో చేరి కణాలను నిలబెట్టే మైనం లాంటి పదార్థం) చిమ్మి, ఆపైన ఏళ్ల తరబడి నిదానంగా ఆరబెట్టారు. నేటికీ దాని మ్యూజియంలో గాలి తేమను అదుపులో ఉంచుతూనే ఉన్నారు. అంతటి భారం మోయగలవారు లేనప్పుడు ఓడను కదపకపోవడమే మేలని నా అభిప్రాయం. క్వాగా అనే జాతి ఆల్చిప్పలు గుట్టలుగా పేరుకుని ఓడలను పాడుచేస్తున్న మాట నిజమే. దానికి మార్గం ఆలస్యం చేయకుండా కొలతలు, ఛాయాచిత్రాలతో నమోదు చేయడమే గానీ క్రేన్లు తేవడం కాదు.

బంగారం ఉంటుందన్న పుకారు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇవి గోధుమలు, కలప, బొగ్గు, ఇనుప ఖనిజం మోసిన ఓడలు; 1912లో మునిగిన రౌజ్ సిమన్స్‌లో ఉన్నవి క్రిస్మస్ చెట్లు. దొరికినవారిదే సొంతమన్నది కూడా చెల్లదు: 1987 నాటి అమెరికా చట్టం ప్రకారం రాష్ట్ర జలాల అడుగున కూరుకుపోయిన ఇలాంటి పాడుబడ్డ ఓడలు ఆయా రాష్ట్రాలవి.

ఇదే చట్టాన్ని చూపి వాట్సాప్‌లో ఎవరో బెదిరించడంతో, ఈ సరస్సు ఒడ్డునే విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో ఉంటున్న ఒక తెలుగావిడ ఏడుపు గొంతుతో నాకు ఫోన్ చేశారు. తుపాను తర్వాత ఒడ్డున దొరికిన, మేకులున్న పాత ఓడ పలకను వాళ్ల అబ్బాయి ఇంటికి తెచ్చి హీటర్ పక్కన పెట్టాడట, అరెస్టు చేస్తారేమోనని ఆమె భయం. దాచకుండా చెప్పేవారిపై అధికారులు మామూలుగా విరుచుకుపడరని, ముందుగా ఆ పలకను హీటర్ పక్క నుంచి తీసి, తడిగుడ్డ చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దొరికిన చోటు రాసుకుని, మునిగిన ఓడల విషయాలు చూసే రాష్ట్ర సంస్థ విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీకి తెలియజేయమని ఆవిడకు చెప్పాను.