గడ్డ కరిగించినా ఆగని పూడిక

1977 సెప్టెంబరులో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అనే డాక్టర్ ఒక రోగి గుండె రక్తనాళంలోకి చిన్న బెలూన్ పంపి, ఉబ్బించి, బ్లాక్ తెరిచారు. యాంజియోప్లాస్టీ అనే, ఛాతీ కోయనక్కర్లేని ఈ వైద్యం త్వరగానే అన్ని దేశాలకూ పాకింది. కానీ ఆరు నెలలు తిరిగేసరికి పది మందిలో ముగ్గురు నలుగురికి అదే చోట నాళం మళ్లీ సన్నబడేది. దీన్నే రీస్టెనోసిస్ అంటారు.

మొదటి అనుమానం రక్తపు గడ్డ మీదికి పోయింది. అందులో తప్పేమీ లేదు. బెలూన్ ఉబ్బినప్పుడు నాళం లోపలి పొర చిట్లుతుంది. అక్కడ ప్లేట్‌లెట్లు అతుక్కుని, రక్తం గడ్డకడుతుంది. ప్లేట్‌లెట్లు వదిలే పదార్థాలు, గడ్డలో ఉండే, రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్ అనే ఎంజైమ్ కలిసి నాళపు గోడలోని కండర కణాలను పెరగమని పురిగొల్పుతాయి. మరి గడ్డనే లేకుండా చేస్తే? గుండెపోటుకు వాడే స్ట్రెప్టోకైనేజ్, యూరోకైనేజ్, టీపీఏ అనే గడ్డ కరిగించే మందులు అప్పటికే చేతిలో ఉన్నాయి.

ఆశించినట్టు జరగలేదు. తీవ్రమైన ఛాతీనొప్పితో వచ్చినవారికి యాంజియోప్లాస్టీ సమయంలో నాళంలోకే యూరోకైనేజ్ ఎక్కించి చూసిన టౌసా అనే అధ్యయనం 1994లో వెలువడింది. నాళం ఉన్నట్టుండి మూసుకుపోవడం మందు ఇవ్వనివారిలో సుమారు 4 శాతం, ఇచ్చినవారిలో 10 శాతం! ఈ మందులు గడ్డలోని ఫైబ్రిన్ పోగులను తెంచుతాయి గానీ ప్లేట్‌లెట్ల జోలికి పోవు. పైగా గడ్డలో చిక్కుకున్న త్రాంబిన్ బయటపడి కొత్త ప్లేట్‌లెట్లను రెచ్చగొడుతుంది. చిట్లిన గోడ లోపల రక్తస్రావం కూడా కావచ్చు.

ఇది అప్పటికప్పుడు వచ్చే ముప్పు. నెమ్మదిగా వచ్చే పూడిక వేరు, దాని విషయంలో అసలు లెక్కే కుదరదు. టీపీఏ రక్తంలో అయిదు నిమిషాలకల్లా సగానికి తగ్గిపోతుంది. గాయం మానే క్రమంలో కణాల పెరుగుదల మాత్రం వారాలు, నెలలు సాగుతుంది. దానికి తోడు సాగిన నాళం తిరిగి ముడుచుకుంటుంది. దాన్ని ఏ గడ్డ కరిగించే మందు ఆపుతుంది?

ముడుచుకోవడాన్ని ఆపింది స్టెంట్, అంటే నాళంలో అమర్చే లోహపు జాలీ గొట్టం. అయితే లోహపు జాలీలోంచి కూడా కణాలు పెరిగాయి. చివరికి ఈస్టర్ దీవి మట్టిలోని బాక్టీరియా నుంచి దొరికిన సిరోలిమస్‌ను స్టెంట్ మీద పూశారు. అది కణ విభజనను ఆపే మందు, గడ్డతో దానికి పనిలేదు. అలాంటి స్టెంట్‌కు అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. రీస్టెనోసిస్ బాగా తగ్గింది.

దీనికీ ఒక మెలిక ఉంది. కణాల పెరుగుదల ఆగితే స్టెంట్ మీద కొత్త పొర ఏర్పడటం కూడా ఆలస్యమవుతుంది. అంతవరకూ లోహం రక్తానికి తగులుతూనే ఉంటుంది కాబట్టి అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. స్టెంట్ వేశాక నెలల తరబడి ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి మందు ఇచ్చేది ఇందుకే. ఇవి ఉన్న గడ్డను కరిగించవు, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తాయి. "నొప్పి లేదు కదా, ఇంకెందుకు" అని డాక్టర్‌ను అడగకుండా మానేసినవారిలో కొందరికి స్టెంట్ హఠాత్తుగా మూసుకుపోయి గుండెపోటు వస్తుంది.