నంబరు ఇచ్చినా నేరమేనా? ఎన్‌డీపీఎస్ సెక్షన్ 29 నేపథ్యం

గంజాయి అమ్మేవాడి ఫోను నంబరును స్నేహితుడికి పంపిన యువకుడు సరుకు ముట్టుకోడు, డబ్బూ తీసుకోడు. అయినా అమ్మినవాడి పక్కనే అతని పేరూ కేసులో చేరవచ్చు. అందుకు దారి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, ఎన్‌డీపీఎస్‌లోని సెక్షన్ 29.

అంతకుముందు నల్లమందు చట్టాలు, 1930 నాటి ప్రమాదకర ఔషధాల చట్టం ఉండేవి. ఈ రెండో చట్టం రద్దయ్యే నాటికి అందులో గరిష్ఠ శిక్ష మూడేళ్లు, మళ్లీ పట్టుబడితే నాలుగేళ్లు. 1961 ఐక్యరాజ్యసమితి ఒప్పందం అమ్మకం, కొనుగోలుతో పాటు దళారీ పనినీ శిక్షించమంది. ఆ ఒప్పందంలో చేరిన భారత్ 1985 నవంబరు 14న కొత్త చట్టాన్ని అమల్లోకి తెచ్చింది.

ఆ చట్టంలోని సెక్షన్ 8 నిషేధించిన పనుల్లో సాగు, అమ్మకం, కొనుగోలు, రవాణా ఉన్నాయి కానీ దళారీ పని లేదు. మధ్యవర్తులను సెక్షన్ 29 కిందికే తెచ్చారు. నేరానికి తోడ్పడినా, కుట్రలో భాగమైనా అసలు నేరానికి పడే శిక్షే పడుతుంది, ఆ నేరం చివరికి జరగకపోయినా సరే. భారత శిక్షాస్మృతి సెక్షన్ 116 అలాంటి సందర్భాల్లో సాధారణంగా జైలు శిక్షను గరిష్ఠ కాలంలో నాలుగో వంతుకు పరిమితం చేసేది. ఎన్‌డీపీఎస్ ఆ సెక్షన్‌ను పేరు పెట్టి మరీ పక్కన పెట్టింది.

1989 సవరణతో బెయిలు కష్టమైంది. 2001 సవరణ శిక్షను సరుకు బరువుకు ముడిపెట్టింది. ఇప్పుడు కిలో గంజాయి వరకు గరిష్ఠంగా ఏడాది, 20 కిలోలు దాటితే పది నుంచి ఇరవై ఏళ్లు. నన్ను కలవరపెట్టేది ఇదే. అమ్మేవాడి దగ్గర ఎంత నిల్వ ఉందో నంబరు ఇచ్చినవాడికి తెలిసే అవకాశం తక్కువ. కుట్ర అభియోగం మాత్రం అతన్ని ఆ మొత్తం సరుకుతో ముడిపెట్టగలదు. పైగా సెక్షన్ 35 ప్రకారం దురుద్దేశం ఉన్నట్టే కోర్టు భావిస్తుంది, లేదని రుజువు చేసుకోవలసింది నిందితుడే. అయితే ముందు మూల వాస్తవాలను ప్రాసిక్యూషన్ నిరూపించాలని 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇలాంటి నిందితులకు పెద్ద ఊరట 2020 అక్టోబరులో తూఫాన్ సింగ్ తీర్పుతో వచ్చింది. సెక్షన్ 67 కింద అధికారులు నమోదు చేసే వాంగ్మూలాన్ని నేరాంగీకారంగా వాడకూడదని ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు తేల్చారు. దాంతో ‘ఫలానావాడే నంబరిచ్చాడు’ అంటూ సహ నిందితుడు అధికారులకు చెప్పిన మాట ఒక్కటే శిక్షకు చాలదు. మరుసటి ఏడాది ముంబయి విహార నౌకలో మాదకద్రవ్యాల కేసులో, వాట్సాప్ సంభాషణల్లో కుట్రను సూచించేదేదీ కనిపించలేదంటూ బొంబాయి హైకోర్టు బెయిలిచ్చింది.

2024 జులై 1న శిక్షాస్మృతి స్థానంలో భారత న్యాయ సంహిత వచ్చాక నేరానికి తోడ్పాటు నిర్వచనం సెక్షన్ 107 నుంచి 45కు మారింది. ఉద్దేశపూర్వకంగా సాయపడటమే నేరమన్న షరతు అలాగే ఉంది. కమీషను తీసుకుని కొనేవాళ్లను తెచ్చే దళారీకీ, అడిగితే నంబరు పంపిన విద్యార్థికీ మధ్య గీత మాత్రం సెక్షన్ 29లో నేటికీ లేదు. ఆ గీత గీయవలసింది పార్లమెంటు. అది గీయనందువల్ల ప్రతి కేసులోనూ బెయిలు విచారణలో, ఫోను సందేశాలు చదువుతూ, ఆ పని న్యాయమూర్తులు చేస్తున్నారు.