కంచు బొమ్మల ఆట ఎక్కడుంటది

బిడ్డలారా,

మొన్న సాలార్‌జంగ్ మ్యూజియంల నటరాజును చూసొచ్చి చిన్నోడు ఫోన్ల అడిగిండు గదా, "తాతా, అది అంత గట్టి లోహం, వెంట్రుకవాసి కూడ కదలదు, మరి ఆడుతున్నట్టే ఎందుకు కనబడ్తది" అని. మంచి ప్రశ్న బిడ్డా, ఇన్నేండ్లు బడిల డ్రాయింగ్ చెప్పిన నాకు ఈ ప్రశ్న అంటే పానం. ఫోన్ల రెండు ముక్కలల్ల తేలే ముచ్చట కాదు, అందుకే కూసొని రాస్తున్న, అందరు చదువుండ్రి, అక్క డాన్స్ క్లాసుకు పోతది కాబట్టి ఆమెకు ఇంక జల్ది అర్థమైతది.

ముందుగాల ఒకటి చెప్త. శిల్పి మొత్తం ఆటను చూపియ్యలేడు, ఒక్క క్షణాన్నే చూపియ్యగలడు, ఏ క్షణాన్ని పట్టుకోవాలె అన్నదే అసలు విద్య. మనిషి ఎక్కువసేపు ఉండలేని క్షణాన్ని పట్టుకుంటే బొమ్మ ఆడ్తది, ఎంతసేపైనా ఉండగలిగే క్షణాన్ని పట్టుకుంటే ఊకె నిలబడ్తది, అంతే తేడా.

బతుకమ్మ కాడ మీ అమ్మోళ్లను చూసిండ్రు గదా, ముందుకు వంగుతరు, చప్పట్లు కొడ్తరు, లేస్తరు, పక్కకు ఒక అడుగేస్తరు, మళ్ల వంగుతరు. ఫోన్ల ఫోటోలు తీస్తే సగం ఫోటోలల్ల అందరు వరుసగ నిలబడ్డట్టే వస్తరు. చప్పట్లు కలిసినంక తీసిన ఫోటోల ఆట ఉండది, ఎందుకంటే ఆ పని అక్కడికి అయిపోయింది. అదే చేతులు ఇంక కలవకముందు, రెండు అరచేతుల నడుమ జానెడు సందున్నప్పుడు, నడుము వంగి ఒక మడమ నేల మీదికెళ్లి లేస్తున్నప్పుడు తీసింది చూడుండ్రి, ఆ చప్పట్లను మన కన్నే పూర్తి చేస్తది, చప్పుడు కూడ ఇనబడ్డట్టయితది. మంచి శిల్పి పట్టుకునేది ఆ జానెడు సందునే.

ఇప్పుడు నటరాజు దగ్గరికి వద్దాం. చోళుల కాలం కంచు నటరాజులు మీకు ఎక్కడ కనబడ్డా సరే, మొఖం తర్వాత చూడుండ్రి, ముందు కుడికాలు చూడుండ్రి. ఆ కాలు నిటారుగ ఉండది, మోకాలు వంగి ఉంటది, కింద అపస్మారుడు అని ఒక మరుగుజ్జు రాక్షసుడు పడి ఉంటడు, వాని వీపు మీద ఆనిన ఆ కాలి మీదనే మొత్తం బరువు. ఎడమకాలు లేచి అడ్డంగ కుడిపక్కకు వచ్చి గాలిల ఉంటది, ముందున్న ఎడమచెయ్యి కూడ అటే అడ్డంగ వచ్చి లేచిన పాదాన్ని చూపిస్తది. ఒక పక్కకు ఇంత బరువు పోతే మనిషి పడిపోవాలె, అయినా పడడు, గొంతు గుంట కాడికెళ్లి ఒక దారం ఇడిస్తే అది దాదాపు కుడిపాదం మీదికే వస్తది. మీరు నమ్మకపోతే గోడ పక్కన నిలబడి అదే భంగిమ పెట్టి చూడుండ్రి, కాసేపటికే తొడ వణుకుడు మొదలైతది. ఆ వణుకు ఒకసారి తెలిసినంక విగ్రహం చూస్తే, కన్ను చెప్పకముందే మీ తొడనే చెప్తది ఇది ఆట అని.

ఇంకోటి, జటలు. రెండు దిక్కుల అడ్డంగ పరుచుకొని ఉంటయి. నిలబడ్డ మనిషి జుట్టు కిందికే ఏలాడాలె, అడ్డంగ లేసిందంటే ఆ మనిషి గిర్రున తిరుగుతున్నడని లెక్క. నడుముకు కట్టిన బట్ట కొస కూడ ఒకపక్కకు ఎగురుతుంటది. ఒళ్లు ఇప్పుడు ఏం చేస్తుందో కాలు చెప్తది, నిమిషం కింద ఏం చేసిందో జుట్టు, బట్ట చెప్తయి, అట్ల ఒక్క బొమ్మల రెండు క్షణాలు ఉంటయి. ఫ్రాన్సు దేశపు శిల్పి రోదాఁ కూడ ఇదే మాట వేరే తీరుగ పట్టుకున్నడు, ఆయన చేసిన నడిచే మనుషుల బొమ్మలల్ల రెండు పాదాలు నేలకు ఆనే ఉంటయి, కాని ఎనకకాలు అడుగు మొదల్ల ఉంటది, ముందుకాలు అడుగు చివర్ల ఉంటది, మన కన్ను ఒకదాని మీదికెళ్లి ఇంకోదాని మీదికి పోయేలోపట ఆ మనిషి నడిచేస్తడు. ముసలితనంల, 1911 ప్రాంతంల, నాట్యం చేసేటోళ్ల చిన్నచిన్న మట్టిబొమ్మలు చేసిండు, ఆయన పోయినంక అవి కంచుల పోసిండ్రు.

మరి ఇదంత రాయిల చెయ్యరాదా అంటే, చేసిండ్రు, మన దగ్గరే ఉన్నయి. పానగల్లు పచ్చల సోమేశ్వరుడి గుడి గోడల మీద, పిల్లలమర్రి స్తంభాల మీద నాట్యం చేసే బొమ్మలు చూసిండ్రు, రామప్ప గుడి చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే అందమైన ఆడోళ్ల బొమ్మలు, ఉన్నరు, 1213 నాటి గుడి అది, వాళ్ల నడుము ఒంపు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తది. కాని జాగ్రత్తగ చూడుండ్రి, రాతిబొమ్మకు వీపో, కాలో, చెయ్యో ఏదో ఒకటి గోడకో స్తంభానికో అంటుకొని ఉంటది. రాయి మీద బరువు పెడితే మోస్తది, పక్కకు చాపితే ఓర్వది, చాపిన చెయ్యి టక్కున ఇరుగుతది. కంచు అట్ల కాదు, లోపట గట్టిదనం ఉంది, ఒక్క కాలి మీద మొత్తం ఒళ్లును మోస్తది, చెయ్యి ఎంత దూరం చాపినా ఊరుకుంటది. గాలిల కాలు లేపి నాలుగు దిక్కులకెళ్లి చూసేటట్టు ఆడే బొమ్మ కావాలంటే కంచుకే పోవాలె.

చేసే పద్ధతి కూడ ఆటకు పనికొచ్చేదే. మన ఊరి గుళ్ల ఉత్సవ విగ్రహాలు చూస్తరు గదా, పంచలోహాలవి, వాటిల ఎక్కువ రాగే. తమిళనాడుల కుంభకోణం పక్కన స్వామిమలై అనే ఊర్ల స్థపతులు, అంటే విగ్రహాలు చేసే పనోళ్లు, ఇప్పటికీ పాత తీరుగనే పోస్తరు. ముందు తేనెమైనంల గుగ్గిలం కలిపి బొమ్మ చేస్తరు, మైనం కొంచెం వేడి చేస్తే వేలితోని వంగుతది కాబట్టి నడుము ఇంకొంచెం తిప్పాల్నా, మెడ ఇంకొంచెం వంచాల్నా అన్నది అక్కడే తేలిపోతది. తర్వాత మెత్తటి ఒండ్రుమట్టి పల్చగ పూస్తరు, మైనం మీద గీసిన సన్న గీత కూడ ఆ మొదటి పూతలకు దిగాలె, దాని మీద గరుకు మట్టి మందంగ పెట్టి నీడకు ఆరబెడ్తరు. ఆరినంక కాలిస్తే మైనం కరిగి బయటికి పోతది, లోపట ఖాళీ మిగుల్తది, అందుల కరిగిన లోహం పోస్తరు. శుద్ధ రాగి కరగాలంటే 1085 డిగ్రీల వేడి కావాలె, తగరం కలిసిన కంచు అంతకంటే తక్కువకే కరిగి సన్న సందులల్లకు బాగ పారుతది. ఎగిరే జటలు, సాపిన వేళ్లు, బట్ట కొసలు, ఆటను చూపించేటియన్ని సన్నటియే, లోహం అక్కడికి చేరకముందే సల్లారితే బొమ్మ చెడుతది, అందుకే గాలి పోయేటందుకు, లోహం వచ్చేటందుకు వేరే దారులు ముందే మైనం పుల్లలతోని పెట్టుకుంటరు. సల్లారినంక మట్టి అచ్చు పలగ్గొట్టుడే, ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. 2023ల ఢిల్లీల భారత్ మండపం ముంగట నిలబెట్టిన 27 అడుగుల నటరాజు కూడ స్వామిమలైల ఈ మైనం పద్ధతిలనే తయారైంది, 18 టన్నుల బరువు.

ఇగ భావం సంగతి. మీరు భావం అనంగనే మొఖం చూస్తరు, సినిమాల అలవాటు అది. నటరాజు మొఖం చూడుండ్రి, ఒళ్లంత సుడి తిరుగుతుంటే మొఖం మాత్రం నిమ్మళంగ ఉంటది, పెదవి కొసల చిన్న నవ్వు, అంతే. ఆ మొఖం కూడ ఉగ్రంగ ఉంటే అంత పెద్ద అనుభవం కలగదని నా గట్టి నమ్మకం. కంచు బొమ్మల భావం మెడల, ఎన్నుపూసల, చేతుల ఉంటది.

మొహెంజొదారోల 1926ల దొరికిన ఆ చిన్న పిల్ల బొమ్మ మీ పుస్తకంల ఉంది గదా, ఢిల్లీ నేషనల్ మ్యూజియంల ఉంటది, 10.5 సెంటీమీటర్లే, మీ అరచేతిల పడ్తది, పాదాలు ఇరిగిపోయినయి. కుడిచెయ్యి నడుము మీద, ఎడమచేతికి భుజం దాక గాజులు, ఒక మోకాలు కొంచెం వంగి, తల ఎనకకు వంచి గదువ పైకి లేపి ఉంటది. ఆమె అడుగు కూడ వెయ్యట్లేదు, అయినా ఆ గదువ ఒక్కటి చూస్తే చాలు, "నన్ను చూస్తే చూడు లేకుంటే పో" అన్నట్టుంటది. ఆ గదువను రెండు గీతలు కిందికి దింపితే ఆ పిల్ల సిగ్గుపడ్డట్టయితది, వేరే మనిషే అయిపోతది. నాలుగున్నర వేల ఏండ్ల కింద ఆ పనోడికి ఈ సంగతి ఎరుకనే.

డెగా అని ప్యారిస్ చిత్రకారుడు 14 ఏండ్ల బాలె డాన్సర్ బొమ్మ మైనంతోని చేసి 1881ల జనానికి చూపించిండు, దానికి నిజం జుట్టు, నిజం బట్ట లంగా పెట్టిండు, మస్తు మంది తిట్టిండ్రు. 1917ల ఆయన పోయినంకనే అది కంచుల పోసిండ్రు. ఆ పిల్ల కూడ ఆడట్లేదు, ఒక కాలు ముందుకేసి పాదం బయటికి తిప్పి, చేతులు ఎనకకు సాపి వేళ్లు కలిపి పట్టుకొని నిలబడి ఉంటది. అక్కా, నువ్వు ఈ బొమ్మను ఎనకకెళ్లి చూడాలె, ఆ మోచేతులు ఎంత బిగుసుకొని ఉన్నయో చూస్తే రోజంత ప్రాక్టీసు చేసిన పిల్ల అలసట, మొండితనం రెండు కనబడ్తయి.

మొఖం కండ్లు ముక్కు సరిగ లేకపోయినా ఆట వస్తదా అంటే వస్తది. ఆదిలాబాద్ దిక్కు ఓజ పనోళ్లు చేసే డోక్రా బొమ్మలు చూడుండ్రి, మట్టి ముద్ద మీద సన్న మైనం దారాలు చుట్టి చేస్తరు, 2018ల దానికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ జాగదే అన్న సర్కారు గుర్తింపు, వచ్చింది. కండ్లు రెండు చుక్కలే ఉంటయి, కాని ఆ దారాలు ఒంటి చుట్టూ తిరిగిన తీరుకే బొమ్మల ఊపు వచ్చేస్తది. నున్నగ పాలిష్ చేసిన బొమ్మ మీద ఎలుగు జారిపోతది, గీతలు, వేలిముద్రలు ఉన్నదాని మీద ఎలుగు ఆగి ఆగి పోతది, మీరు పక్కకు నడిస్తే బొమ్మే కదిలినట్టుంటది. అందుకే చెప్తున్న, ఏ బొమ్మనైనా ముంగటికెళ్లి ఒక ఫోటో తీసి రావొద్దు, చుట్టూ తిరగాలె.

దసరా సెలవులకు నల్లగొండ వస్తరు గదా, నేను తేనెమైనం, సన్న రాగితీగ తెచ్చి పెడ్త. తీగతోని ముందు ఎన్నుపూస, తర్వాత కాళ్లు చేతులు వంచుకోవాలె, దాని మీద మైనం పెట్టాలె, మొఖం అసలే చెయ్యొద్దు. మొదటి రోజు పొద్దున పానగల్లు పోదాం, గోడ మీది ఒక్కో నాట్యం బొమ్మకు ఒక్కటే గీత, మెడ కాడికెళ్లి బరువు మోసే పాదం దాక, నోట్‌బుక్కుల గీసుకోవాలె. ఎవరి బొమ్మ ఒక్క కాలి మీద పడకుండ నిలబడ్తదో వాళ్లది నా టేబుల్ మీద పెట్టుకుంట. సన్న పెన్సిళ్లు తెచ్చుకోండ్రి, ఇక్కడ మంచియి దొరుకుతలేవు.

మీ తాత