కాలం తీరిన బాకీ: సంతకం పెట్టే ముందు తెలుసుకోవాల్సిన అపోహలు - వాస్తవాలు

తిరుపతి కోర్టులో సివిల్ దావాలు చూసే లాయర్ని. రేణిగుంట, పాకాల, పుత్తూరు వైపుల నుంచి వచ్చేవాళ్ళలో ఈ మధ్య ఒకటే భయం చూస్తున్నాను. ఎప్పటిదో పర్సనల్ లోను, ఎప్పుడో వాడి వదిలేసిన క్రెడిట్ కార్డు, మామిడి పంట కోసం రాసిచ్చిన ప్రోనోటు. ఇన్నేళ్ళకు వసూలు వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. బాధేమిటంటే, మా దగ్గరికి వచ్చేసరికే చాలామంది ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టేసి ఉంటారు.

అపోహ: మూడేళ్ళు దాటితే బాకీ రద్దయిపోతుంది.

రద్దు కాదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం మామూలు అప్పుకు దావా వేసే గడువు మూడేళ్ళు. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటుకైతే రాసిన తేదీ నుంచే లెక్క. గడువు తీరితే కోర్టు ద్వారా రాబట్టుకునే దారి మూసుకుపోతుంది, బాకీ మాత్రం బాకీగానే ఉంటుంది. మీ అంతట మీరు కడితే కట్టొచ్చు, కట్టింది మళ్ళీ వెనక్కి రాదు.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. కరోనా వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు గడువులోంచి మినహాయించింది. 2019 జూలైలో రాసిన నోటు 2022 జూలైకే మురిగిపోయిందని అనుకుంటారు. అది 2024 నడిమి దాకా బతికే ఉంది. ఇల్లో పొలమో తనఖా పెట్టి ఉంటే గడువు 12 ఏళ్ళు.

అపోహ: బాకీని వేరే కంపెనీ కొనుక్కుంటే గడువు మళ్ళీ మొదలవుతుంది.

మొదలవదు. చేతులు మారినా పాత తేదీలే వర్తిస్తాయి.

అపోహ: చిన్న కాగితమే కదా, ఒక సంతకంతో ఏమవుతుంది?

అంతా అక్కడే అవుతుంది. గడువు లోపల ప్రోనోటు వెనక చెల్లు, అంటే కొంత కట్టానన్న రాత, రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. వెయ్యి రూపాయలు కట్టి చెల్లు రాసినా అంతే. 'ఈ బాకీ నేను ఇవ్వాలి' అని ఒప్పుకుంటూ సంతకం చేసిన ఉత్తరానికీ అదే బలం.

గడువు తీరాక రాసిన చెల్లు నోటును బతికించలేదు. కానీ 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లో ఇంకో దారి ఉంది. కాలం తీరిన బాకీని సైతం తీరుస్తానని రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందమవుతుంది, దాని మీద దావా వేయొచ్చు. ఏజెంటు 'ముందు ఐదు వేలు కట్టన్నా, మిగతాది వాయిదాల్లో చూసుకుందాం' అంటూ చాపే ఫారంలో ఉండేది చాలాసార్లు ఈ హామీయే. కొత్త చెక్కు ఇచ్చినా అదే రాతపూర్వక హామీ అని వాదిస్తారు. తేదీ వేయని కాగితం ఇంకా ప్రమాదం. తర్వాత ఏ తేదీ పడుతుందో మీ చేతుల్లో ఉండదు.

లోక్ అదాలత్ నోటీసు వచ్చినా ఇదే జాగ్రత్త. దావా పడకముందు వచ్చే ఆ నోటీసుకు వెళ్ళకపోతే శిక్షేమీ లేదు. వెళ్ళి రాజీ కాగితం మీద సంతకం పెడితే మాత్రం అది కోర్టు తీర్పుతో (డిక్రీతో) సమానం, దాని మీద అప్పీలు ఉండదు. మొత్తం నిజంగా తగ్గించి, మీరు కట్టగలిగే వాయిదాలిస్తే రాజీ మంచిదే. చదవకుండా మాత్రం సంతకం పెట్టొద్దు.

అపోహ: పాత బాకీయే కదా, సమన్లొచ్చినా పట్టించుకోనక్కర్లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ నమ్మకమే. గడువు దాటిన దావాను, మీరు అడగకపోయినా, కోర్టే కొట్టేయాలని చట్టం చెబుతోంది. అయితే అవతలివాళ్ళు నోటు వెనక ఒక చెల్లు చూపిస్తారు. అది మీ సంతకం కాదని చెప్పడానికి కోర్టులో మీరుండాలి కదా? లేకపోతే మీ వాదన వినకుండానే మీ మీద ఎక్స్‌పార్టీ డిక్రీ పడుతుంది. దాన్ని 12 ఏళ్ళ దాకా అమలు చేయించుకోవచ్చు. ఆ దశలో 'కాలం తీరింది' అన్న మాట చెల్లదు. కోర్టు ముద్ర, ఓ.ఎస్. నంబరు (దావా నంబరు), వాయిదా తేదీ ఉన్న కాగితం వస్తే వెంటనే లాయర్ని కలవండి. జవాబు దాఖలుకు 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా.

అపోహ: కట్టకపోతే పోలీసులు పట్టుకెళ్తారు.

అప్పు వసూలు చేయడం పోలీసుల పని కాదు. చెక్ బౌన్స్ కేసు వేరు. బ్యాంకు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. బంధువులకు ఫోన్ చేసి పరువు తీయడం కూడా కుదరదు. కాల్ రికార్డులు దాచి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు (ఆర్బీఐ) అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి.

అపోహ: నాన్న అప్పు కొడుకే తీర్చాలి.

నాన్న నుంచి మీకొచ్చిన ఆస్తి విలువ మేరకే. మీ జీతం మీద, మీరు సంపాదించుకున్న దాని మీద హక్కు లేదు. హామీదారుగా మీరు సంతకం పెట్టి ఉంటే వేరే సంగతి.

ఇక ఫోన్లో ఏం మాట్లాడాలి? 'ఎవరి తరఫున చేస్తున్నారు, ఏ అకౌంటు, చివరి చెల్లింపు ఎప్పుడు? స్టేట్‌మెంటు, మీ అధికార పత్రం పంపండి' అనండి, అంతే. 'వచ్చే నెల కడతాను' అని వాట్సాప్‌లో పెట్టకండి. లాయరు ఫీజు భారమైతే 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.